గరిక నీళ్ళ బండి

సూళ్ళూరుపేట లోకల్లో
నా పక్క సీటు ఎప్పుడూ అరటిదవ్వదే.
దానికి టిక్కెట్టు లేదు.
కాళ్ళ దగ్గర గోనెసంచిలో గరిక, వాము ఆకు,
పైన తడిగుడ్డ.
గుమ్మిడిపూండి దాటేదాకా అదీ నేనూ
ఒకళ్ళ మీద ఒకళ్ళం వాలి కునుకుతాం.

తండయార్‌పేటలో దిగితే
ఇస్త్రీ మునుసామి ఇంటి ముందు
గొలుసేసిన బండి.
ఆరు స్టీలు డబ్బాలు, ఆరు గరిటెలు.
పేర్లు రాయించలేదు, వాసన చాలు.
ఏ గ్లాసైనా పదిహేను.

పార్కు గేటు తెరిచేసరికి
ఒళ్ళు బాగాలేని వాళ్ళూ
బాగుందంటే నమ్మలేని వాళ్ళూ
వచ్చేసుంటారు.

కిడ్నీలో రాయున్న లెక్కల మాస్టరు
దవ్వరసం తాగి, మూతి తుడుచుకుని,
కడుపులో బిడ్డ సంగతి చెప్పినట్టు చెప్తాడు:
"ఐదు మిల్లీమీటర్లు. రాత్రి కదిలింది చెంచమ్మా."

తాయారమ్మకి ముడక్కత్తాన్ చారు.
పట్టేసినదాన్ని వదిలించేదని
అరవంలో ఆ పేరుకి అర్థమట.
మూడేళ్ళుగా తాగుతోంది.
మోకాళ్ళు అలాగే ఉన్నాయి.
మూడు వీధులు నడిచి మాత్రం వస్తోంది, రోజూ.
మందు నా డబ్బాలో ఉందో, ఆ మూడు వీధుల్లో ఉందో
నేనడగను. వ్యాపారం కదా.

రాత్రంతా కంప్యూటరు ముందు కూర్చుని వచ్చే రెబెకాకి
కరివేపాకు నూరిన మజ్జిగ, ఉప్పు తక్కువ.
"ఎప్పుడు తిన్నావే?" అంటే
ఫోను తీసి చూస్తుంది
అందులో రాసుంటుందన్నట్టు.

జలుబు పిల్లాడు మిరియాల కషాయం
ముక్కు మూసుకుని మింగి
బెల్లంముక్క కోసం ఇంకోసారి దగ్గుతాడు.

ఇక సౌందరరాజన్ సారు.
హార్బర్లో ఓడల లెక్కలు రాసి రిటైరయ్యాడు.
ఆయనకి లోకంలో ఒకటే జబ్బు, గ్యాసు.
తలనొప్పి గ్యాసే.
కూతురు ఫోను చెయ్యని ఆదివారం
గుండెల మీద బరువూ గ్యాసే.
జీలకర్ర నీళ్ళు, చిటికెడు ఇంగువ,
చిల్లర ఎప్పుడూ సరిగ్గా.

ధనుర్మాసంలో ఒక పొద్దున,
అందరూ చెవులకి మఫ్లర్లు చుట్టుకున్న చలిలో
ఆయన చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది.
ఎడమ దవడ పట్టుకుని అన్నాడు:
"గ్యాసే. ఇవాళ కాస్త ఘాటుగా ఇవ్వు."

గరిటె డబ్బాలో ముంచాను.
పైకి తియ్యలేదు.

మా ఆయనా ఇలాగే అడిగాడు
ఇలాంటి పొద్దున్నే.
ఇచ్చాను. శొంఠి, తేనె, మంచి ఘాటుగా.
తాగి, బాగుందన్నాడు.

"సారూ, నా బండిలో దీనికి నీళ్ళు లేవు."
అరిచాను. మునుసామి ఇస్త్రీపెట్టె
ఎవరి చొక్కా మీదో వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.
ఆటో, స్టాన్లీ ఆసుపత్రి.
ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను,
బండి మీద ఆరు డబ్బాల మూతలూ
తీసినవి తీసినట్టే.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి డబ్బాలు ఖాళీ.
గల్లాలో మూడొందల ఐదు.
ఆ ఐదు ఎవరిదో
ఇప్పటికీ తేలలేదు.
కాలిన చొక్కాకి నూట యాభై
మునుసామీ నేనూ చెరిసగం.

నెలన్నరకి వచ్చాడు.
జేబులో మాత్రల చీటీ.
గుండెలో ఏదో స్ప్రింగు పెట్టారట,
వేళ్ళతో చూపించాడు, బియ్యపుగింజంత.
"నీ నీళ్ళు మళ్ళీ తాగొచ్చా?"
"ఆ చీటీ రాసినాయన్ని అడగండి" అని
వేడినీళ్ళు పోసిచ్చాను, వట్టివి.
ఊదుకుంటూ తాగాడు.
పదిహేను పెట్టాడు.
వద్దన్నాను. పెట్టాడు.

పదింటికి డబ్బాలు కడిగేసి
మలయాళీ కొట్లో టీ తాగుతాను.
స్ట్రాంగు, మూడు చెంచాల చక్కెర,
నూనె కారుతున్న వడ ఒకటి.
పార్కు మనుషులెవరైనా అటొస్తే
గ్లాసు పైటచెంగు చాటుకి పోతుంది.

ఒకసారి తాయారమ్మ చూసేసింది.
ఏమీ అనలేదు.
బల్ల మీద మోకాళ్ళు సర్దుకుని కూర్చుని
తనకీ ఒకటి చెప్పింది.